మల్సున్ ఏడవలేదు

ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై రెండో ఏట. ఒక పేజీ రాయడానికి ఇప్పటికీ నాకు రెండు రోజులు పడుతుంది. అందుకని గోడలనూ కిటికీలనూ వర్ణించే ఓపిక లేక, ఎవరేమన్నారో అదే రాశాను. అక్షరం తప్పయితే దిద్దుకుని చదువుకోండి, మాటలో మాత్రం తప్పు లేదు.

2002 జనవరి రెండో తేదీ, పొద్దున. ఒసాకాలో చెప్పులు అతికేవాళ్ళ వీధి. కుస్తీవాడు తొకుజి ముఖం వాచి పరుపు మీద పడుకుని ఉన్నాడు. అతని భార్య మల్సున్ పక్కన కూర్చుని చెప్పులకు పట్టీలు అతుకుతోంది. తొకుజి పనిచేసే కుస్తీ కంపెనీ యజమాని కజివారా వచ్చి పావుగంట అయింది.

"వదిలావు. ఎందుకు వదిలావు? అదొక్కటి చెప్పు, వెళ్ళిపోతాను."

"కజివారా అన్నా, తల తిరుగుతోంది."

"తిరగనీ. నా తల మూడు రోజుల నుంచి తిరుగుతోంది."

"రెండు రోజులే అన్నగారూ. పోటీ జరిగింది మొన్న సాయంత్రమేగా."

"రెండో మూడో, చెల్లెమ్మా. నీకు లెక్కలు బాగా వచ్చు. ఒరేయ్ తొకుజీ, ఆ డచ్చివాడి చెయ్యి నీ రెండు కాళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది. మోచెయ్యి వెనక్కి వంగిపోయింది. ఇంకో రెండు క్షణాలు పట్టుంటే వాడు నేల తట్టేవాడు. ఓడిపోయాను మహాప్రభో అని తట్టేవాడు. ఏడాది ఆఖరి రోజు, దేశంలో సగం మంది నూడుల్స్ గిన్నె పట్టుకుని టీవీ ముందు కూర్చున్నారు. వాళ్ళందరి ముందూ వదిలేశావు."

"చూశాను."

"ఏం చూశావు? వదిలాక వాడు లేచి కొట్టిన గుద్దు చూశావా?"

"అది చూడలేదు."

"అన్నగారూ, డాక్టరు ఆయన్ని మాట్లాడించొద్దన్నాడు."

"మాట్లాడించడం లేదమ్మా, నేనే మాట్లాడుతున్నాను. కాస్త టీ పెడతావా?"

"ఇప్పుడే తాగారు."

"చలిగా ఉంది. ఇంకోసారి తాగుతాను."

"సరే. కాళ్ళు దుప్పటి కింద పెట్టుకోండి. జిగురు డబ్బా తన్నకండి."

"వెళ్ళిందా?"

"వెళ్ళింది. మెల్లగా మాట్లాడు, అది కాగితం తలుపు."

"ఇరవై రెండేళ్ళు కాపురం చేశావు, ఇంకా మీ ఆవిడకి ఏమీ తెలీదు కదా?"

"ఏమీ తెలీదు. గురువుగారికి మాటిచ్చాను. తల్లికి చెప్పొద్దు, పెళ్ళానికి చెప్పొద్దు, చచ్చేటప్పుడు కూడా చెప్పొద్దు అన్నాడు."

"మంచిది. ఇప్పుడు చెప్పు. ఆ డచ్చివాళ్ళు ఎవరైనా ముందు వచ్చి నీతో మాట్లాడారా? ఆశ చూపించారా?"

"నువ్వు కూడా అడుగుతున్నావా అన్నా?"

"నేను అడగడం లేదురా. ఊరంతా అడుగుతోంది. నిన్న ముగ్గురు పత్రికలవాళ్ళు ఫోన్ చేశారు. చేతికి చిక్కినవాణ్ణి ఎవడైనా వదులుతాడా, తొకుజి అమ్ముడుపోయాడు, అంటున్నారు."

"అమ్ముడుపోలేదు."

"మరి భయపడ్డావా?"

"గెలిచేవాడికి భయమెందుకు?"

"మరి? మరి ఏమిట్రా? శుక్రవారం రాత్రి ఎనిమిది గంటలు మనదిరా ఒకప్పుడు. మన కుస్తీ వస్తోందంటే మంగలి సగం గడ్డం గీసి కత్తి పక్కన పెట్టి టీవీ చూసేవాడు. ఇప్పుడు మనకిచ్చింది శనివారం అర్ధరాత్రి దాటాక అరగంట. ఎవరు చూస్తారు? కాపలావాళ్ళూ, తాగుబోతులూ, చంటిపిల్లల తల్లులూ. మన ఎనిమిది గంటలూ ఆ తన్నులాటవాళ్ళకిచ్చారు. పైగా టీవీలో పెద్ద అక్షరాలు వేస్తారు, 'ఇదే అసలైన పోరాటం' అని. అంటే మనది ఏమిటి?"

"మనది ఏమిటన్నా?"

"నోరు మూసుకో. వంటింట్లో ఆడమనిషి ఉంది."

"నేను అడిగానా వాళ్ళ పోటీకి వెళ్తానని? నువ్వు పంపావు. నలభై మూడేళ్ళవాణ్ణి, మూడు వారాలు ఉరికించి, వెళ్ళరా, మనవాళ్ళే బలవంతులని చూపించి రారా, అన్నావు."

"చూపించావుగా. మూడు నిమిషాలు చూపించావు. ఆ చెయ్యి పట్టుకున్నప్పుడు నేను కుర్చీ ఎక్కి నిలబడ్డానురా. వచ్చే శుక్రవారం ఎనిమిది గంటలు మనకొచ్చేసిందనుకున్నాను. ఆ తర్వాత వదిలావు. ఎందుకు వదిలావు?"

"నొక్కాడు."

"ఏమిటి?"

"వాడి రెండో చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. రెండుసార్లు నొక్కాడు."

"నొక్కితే?"

"రెండుసార్లు నొక్కాడన్నా."

"ఒరేయ్."

"మన రింగులో ఒకసారి నొక్కితే ఏమిటి? బాగానే ఉన్నాను, కానివ్వు అని. రెండుసార్లు నొక్కితే? నిజంగా నొప్పెడుతోంది, వదులు చెయ్యి అని. ఇరవై రెండేళ్ళు. రెండుసార్లు నొక్కినవాణ్ణి ఒక్కణ్ణి కూడా నేను బాధపెట్టలేదు. నాతో ఆడినవాడు మర్నాడు పనికి రాలేకపోయాడన్న మాట లేదు."

"ఆ డచ్చివాడికి మన గుర్తులు ఎలా తెలుస్తాయిరా? వాడికి మన ఊరి పేరే పలకడం రాదు."

"వాడికి తెలీదు. వాడు ఊరికే గింజుకున్నాడు. కానీ నా వేళ్ళకి తెలుసు. నేను అనుకునేలోపు అవి వదిలేశాయి."

"దేవుడా. దేవుడా, ఇదా? దీనికోసమా?"

"నవ్వు. నవ్వితే నవ్వు."

"నవ్వడం లేదురా. ఏడుపు వస్తోంది. ఇది ఎవరికైనా చెప్పావా?"

"నీకే."

"ఎవరికీ చెప్పకు. ఇది చెబితే మనవాళ్ళు నలభై మందీ బట్టలు లేకుండా వీధిలో నిలబడ్డట్టే. నొక్కడాలూ వదలడాలూ అన్నీ చెప్పాల్సి వస్తుంది. మన పట్టు పట్టు కాదని, మన దెబ్బ దెబ్బ కాదని."

"అందుకే నోరు మూసుకుని పడుకున్నాను."

"టీ."

"ఆ, వచ్చావా చెల్లెమ్మా. వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నాం."

"బాగా మబ్బు పట్టినట్టుంది, లోపలిదాకా వినిపించింది. అన్నగారూ, మీ జేబులోంచి కాగితం పడిపోతోంది."

"పడిపోవడం కాదు, దానికోసమే వచ్చాను. తొకుజీ, ఇది తీసుకో. రేపు పన్నెండు గంటలకి కంపెనీ ఆఫీసులో పత్రికలవాళ్ళ ముందు నువ్వు చదవాలి."

"నా కళ్ళు చూశావా? ఒకటి మూసుకుపోయింది. రెండోదానికి నువ్వు ఇద్దరుగా కనిపిస్తున్నావు. ఒక్క కజివారానే భరించడం కష్టం."

"చెల్లెమ్మా, నువ్వు ఒకసారి చదివి వినిపించు."

"నాకు చదువు రాదని మీకు తెలుసుగా అన్నగారూ. పెళ్ళిలో సంతకం బదులు వేలిముద్ర వేస్తుంటే పక్కన ఉన్నది మీరే."

"ఈ ఇంటికి కాగితం తేవడం నాదే తప్పు. పోనీ, పండగకి ఏమైనా... ఆ కమలాలు. వీధి చివర దుకాణంలో కమలాలు తెస్తావా తల్లీ?"

"దుకాణం మూసి ఉంది. కొత్త ఏడాది పండగ."

"అయితే మరి టీకి నీళ్ళు..."

"అన్నగారూ, నన్ను బయటికి పంపాలంటే పొమ్మనండి. టీ తాగి తాగి మీ పొట్ట పాడవుతుంది. వెళ్తున్నాను. కాగితం చదువుకోండి."

"కోపం వచ్చినట్టుందిరా."

"వస్తుంది. చదువు."

"విను. 'డిసెంబరు ముప్పై ఒకటిన జరిగిన పోటీ ముందే కుదుర్చుకున్నది. మూడో నిమిషంలో పట్టు వదిలెయ్యాలని పోటీ నడిపేవాళ్ళు నాకు చెప్పారు. మాట ప్రకారం వదిలాను. జరిగింది చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. తొకుజి.' అంతే. నాలుగు ముక్కలు."

"అబద్ధం."

"అబద్ధమే. వాళ్ళ పోట్లాట కూడా నాటకమేనని జనానికి ఒక్కసారి అనుమానం వస్తే చాలు. నాలుగో తేదీన టీవీవాళ్ళ మీటింగు. ఆ అర్ధరాత్రి అరగంట కూడా తీసేసి వాళ్ళకే ఇద్దామని చూస్తున్నారు. టీవీ పోతే ఊళ్ళలో హాళ్ళు నిండవు. హాళ్ళు నిండకపోతే మార్చికి కంపెనీ మూతే. నువ్వు ఇది చదివితే ఆ మీటింగు ఆగుతుంది."

"అన్నా, ఇరవై రెండేళ్ళు నాటకాన్ని నిజమని చెప్పాను. నా బతుకులో నిజంగా కొట్టుకున్నది ఒక్క రోజు. దాన్ని నాటకమని చెప్పమంటున్నావు."

"అవును."

"నిజంగా తిన్న దెబ్బరా ఇది. ఈ పన్ను నిజంగా ఊడింది."

"నన్ను రా అన్నావా?"

"తల తిరుగుతోందన్నానుగా."

"పోనీలే. నీకు సాక్ష్యం కూడా ఉంది. మీ ఆవిడ."

"దాన్ని లాగకు."

"నేను లాగడం లేదు, టీవీవాళ్ళే లాగారు. ఎంత పేరున్న ఏడుపురా అది. కెమెరావాళ్ళు ముందే వచ్చి 'తొకుజి గారి భార్య ఏ కుర్చీలో కూర్చుంటారు' అని అడిగి పోయేవాళ్ళు. నిన్ను స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే ఆవిడ పరిగెత్తుకొచ్చి నీ చెయ్యి పట్టుకుని ఏడుస్తుంటే, ఊళ్ళలో ఆడవాళ్ళు ఆవిడకి చేతి రుమాళ్ళు కుట్టి పంపేవాళ్ళు. మొన్న? నీ చెయ్యి పట్టుకుని రాయిలా నడిచింది. కంట్లో చుక్క లేదు. పత్రికవాడు నాతో ఏమన్నాడో తెలుసా? 'మొగుడు ఓడిపోతాడని ఆవిడకి ముందే తెలుసు, అందుకే ఏడవలేదు' అన్నాడు."

"ఏడవలేదా?"

"నీకు తెలీదా? నువ్వు ఒంటి మీద తెలివి లేకుండా ఉన్నావులే. చెల్లెమ్మా, ఇలా రా. నిన్నే."

"కమలాలు దొరకలేదు."

"కమలాల సంగతి వదిలెయ్. మొన్న నువ్వెందుకు ఏడవలేదు?"

"రాలేదు."

"ఇరవై రెండేళ్ళు తప్పకుండా వచ్చిన ఏడుపు మొన్న రాలేదా?"

"వయసు మీద పడింది. కళ్ళు ఎండిపోయాయేమో."

"నన్ను ఆటపట్టించకమ్మా. నీ మొగుడి పరువు సంగతి ఇది."

"పరువు సంగతి మీ కాగితంలో ఉందిగా. అన్నగారూ, మీ కోటు ఇదిగో. మీకోసం మీ ఇంట్లో వాళ్ళు పండగ భోజనానికి చూస్తూ ఉంటారు."

"వెళ్ళమంటున్నావా?"

"టీ అయిపోయింది."

"సరే. తొకుజీ, రేపు పన్నెండు. నలభై మంది. ఆ సంఖ్య తలుచుకుని రా."

"నల్ల బూట్లు మీవి. గోధుమ రంగువి పక్క వాటా ఆయనవి."

"తెలుసమ్మా, నా బూట్లు నాకు తెలీవా?"

"పోయినసారి ఆయనవి వేసుకుపోయారు."

"వెళ్ళాడా?"

"మూల తిరిగాడు. పడుకోండి. ఈ కళ్ళకి కట్టు మార్చాలి."

"మల్సున్, ఆ కాగితం ఎక్కడ పెట్టావు?"

"టీ కెటిల్ కింద. నేల కాలకుండా."

"అందులో ఏముందో..."

"తెలుసు. విన్నాను. కాగితం తలుపని మీరే ఆయనకి చెప్పారుగా."

"ఎంతవరకు విన్నావు?"

"మొదటి టీ నుంచి."

"అయితే చూడు, అన్న ఏదేదో... ఆ నొక్కడం, వదలడం, అది ఎప్పుడో ఒక్కోసారి, అందరూ చేసేది కాదు, కొత్తవాళ్ళతో ఆడేటప్పుడు మాత్రం..."

"ఏమండీ."

"ఏమిటి?"

"కట్టు విప్పుతున్నాను, కదలకండి. ఒక ఏడు మంచు బాగా పడింది, గుర్తుందా? మీ కుడి మోకాలు పోయిందని టీవీలో చెప్పారు. నెల రోజులు ఇంట్లో కుంటుతూ తిరిగారు. నేను రోజూ వేడినీళ్ళలో గుడ్డ ముంచి కట్టేదాన్ని."

"గుర్తుంది. చాలా నొప్పి."

"ఒకరోజు స్నానాల శాల నుంచి ఎడమ కాలు కుంటుకుంటూ వచ్చారు. వీధి మొదటి నుంచి ఎడమ కాలే."

"నువ్వేమీ అనలేదే?"

"ఏమంటాను? గుడ్డ విప్పి ఎడమ కాలికి కట్టాను."

"అయితే అప్పటి నుంచి తెలుసా నీకు?"

"అప్పటికే తెలుసు. పెళ్ళయిన ఏడాది, కోబేలో ఆడినప్పుడు, నుదుటి మీద నుంచి నెత్తురు కారుతోంది. నేను చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చి మీ చెయ్యి పట్టుకున్నాను. దుప్పటి కింద మీరు నా చెయ్యి ఒకసారి నొక్కారు. ప్రేమేమో అనుకున్నాను."

"ప్రేమే."

"తర్వాతి వారం రింగులో ఆ ఎర్ర లాగు లావుపాటివాడి చెయ్యి కూడా అలాగే నొక్కారు. నవ్వకండి, కుట్లు ఊడతాయి. అప్పటి నుంచి మీ ముఖం చూడటం మానేసి చేతులు చూడటం మొదలుపెట్టాను. ఒకటంటే బాగున్నానని, రెండంటే వదలమని. అక్షరాలు రానిదాన్ని కదా, చూసి నేర్చుకోవడం నాకు అలవాటు."

"ఇరవై రెండేళ్ళు నన్ను వెర్రివాణ్ణి చేశావా?"

"ఎవరు ఎవర్ని చేశారు? ఏ నొప్పీ లేని మోకాలికి నెల రోజులు కట్టు కట్టించుకున్నది మీరు. విరగని చేతిని మెడకి వేలాడేసుకుని, నా చేత అన్నం తినిపించుకున్నది మీరు. ఎడం చేత్తో కూడా తినొచ్చు కదా అని ఒక్కసారైనా అడిగానా?"

"అడగలేదు. ఎందుకు అడగలేదు?"

"ఎవరికీ చెప్పొద్దని మీకు ఎవరో చెప్పి ఉంటారనిపించింది. మీ చేత మాట తప్పించడం ఎందుకని."

"మంట. అక్కడ మంట."

"మందు మండుతుంది. ఇది నిజం దెబ్బ."

"అందరికీ తెలుసునేమోనే, మల్సున్. చూసేవాళ్ళకి కూడా. తెలిసే చూసేవాళ్ళేమో. ఇప్పుడు అది చాలడం లేదు వాళ్ళకి. నిజంగా పళ్ళు రాలాలి."

"రేపు ఏం చెబుతారు?"

"అదే అర్థం కావడం లేదు. కాగితం చదివితే ఆ డచ్చివాడికి అన్యాయం. వాడు నిజంగా కొట్టాడు, నిజంగా గెలిచాడు. వేళ్ళ సంగతి చెబితే గురువుగారికి ద్రోహం, మావాళ్ళ నలభై మంది నోట్లో మట్టి. ఏమీ చెప్పకపోతే అమ్ముడుపోయానంటారు."

"ఇంకేమీ లేదా?"

"ఇంకేముంది?"

"జరిగింది ఏమిటి? ఒక్క ముక్కలో చెప్పండి."

"ఓడిపోయాను."

"మరి అది చెప్పండి."

"అంతేనా? ఎందుకు వదిలావని అడుగుతారు."

"మళ్ళీ అదే చెప్పండి. వాడు గెలిచాడు, నేను ఓడిపోయాను అని. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు. అందులో అబద్ధం లేదు, రహస్యమూ లేదు."

"అమ్ముడుపోయాడనేవాళ్ళు అంటూనే ఉంటారు."

"అంటారు."

"అన్న అరగంట పోతుంది."

"మీరు అబద్ధం చెబితే మాత్రం ఎన్నాళ్ళు నిలుస్తుంది? మార్చి బదులు జూన్."

"నా పని కూడా పోతుంది."

"చెప్పులు అతకడానికి పెద్ద చేతులు కూడా పనికొస్తాయి. కాకపోతే రెండుసార్లు నొక్కితేనే పట్టీ అంటుకుంటుంది."

"ఏడిపించకు."

"ఓడిపోయానని చెబుతారా?"

"చెబుతాను. ఓడిపోయాను. ఓడిపోయాను. ముందు అనడం అలవాటు చేసుకోవాలి. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఓడానో, ఈ మాట ఒక్కసారి కూడా అనాల్సిన అవసరం రాలేదు."

"తల కాస్త ఎత్తండి. ఆ, అయిపోయింది."

"మల్సున్."

"ఊఁ."

"అంతా తెలిసే ఉంటే ప్రతిసారీ అంతలా ఎలా ఏడ్చావు? అందరూ రుమాళ్ళు పంపేటంతగా?"

"మీరు దుప్పటి కింద ఒకసారి నొక్కేవారుగా, బాగానే ఉన్నానని. అది అందేదాకా నాకు ఊపిరి ఆడేది కాదు. అందాక, ఇక ఫర్వాలేదు, ఏడవొచ్చు అనుకుని మొదలుపెట్టేదాన్ని. మీ పని మీరు చేసేవారు, నా పని నేను చేసేదాన్ని."

"మరి మొన్న ఎందుకు ఏడవలేదు?"

"మొన్న అంబులెన్స్ ఎక్కించేదాకా మీ చెయ్యి పట్టుకునే ఉన్నాను. మీరు నొక్కలేదు."

యాంగ్ మల్సున్, డెబ్బై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు ఉంటున్నది నారాలో, మా చెల్లెలి ఇంటి పక్క వాటాలో.